కిటికీ ఉన్న క్యాబిన్

ట్రావెల్స్ ఆఫీసులో బ్రోషరు మీదికి వంగిన జాగ్రఫీ టీచరు కళ్ళద్దాలు జారి కింద పడ్డాయి.

పక్క సోఫాలో కూర్చున్న పసుపు కోటావిడ చటుక్కున వంగి తీసింది. తీసి, టీచరుకి కాక టీచరు భర్త చేతికిచ్చింది.

"మరలు వదులయినట్టున్నాయండీ."

"నాది కళ్ళద్దాల షాపేనండీ. ఊరందరికీ బిగిస్తాను, ఇంటావిడవి బిగించడానికే తీరిక దొరకదు!"

ఆవిడ పకపకా నవ్వింది. ఆయనా నవ్వాడు.

టీచరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంట్లో ఆయన నవ్వు చూసే అదృష్టం టీవీకి తప్ప ఎవరికీ లేదు మరి.

పెళ్ళయిన ఇన్నేళ్ళకి యూరప్ వెళ్ళి ఓడెక్కుదామని వచ్చారు వాళ్ళిద్దరూ. ఎటు వెళ్ళాలన్నదే తేలడం లేదు. దక్షిణాన మధ్యధరా సముద్రం: మంచి ఎండ, రోజుకో రేవు, కోటలు, బజార్లు. ఉత్తరాన నార్వే: కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రం, అస్తమించని సూర్యుడు.

"నాకు ఉత్తరమేనండీ" అంది టీచరు మేనేజరుతో. "కొండల మధ్య సముద్రపు పాయ, ఫియర్డ్ అంటే ఇదర్రా అని జన్మంతా సుద్దముక్కతో బోర్డు మీద గీశాను. ఒక్కసారైనా కళ్ళతో చూడకపోతే ఎవరో చెప్పిన కబురు మోసినట్టే ఉంటుంది. కిటికీ ఉన్న క్యాబిన్ దొరుకుతుందా?"

"అయిపోయాయి మేడమ్. లోపలి క్యాబిన్లే మిగిలాయి. వాటిల్లోంచి గోడలు తప్ప ఏమీ కనపడవు."

"నేను తీసుకున్నది కిటికీదే. ఆ ఓడలోనే" అంది పసుపు కోటావిడ మెల్లగా.

అబ్బో! టీచరు ఆవిణ్ణి కిందనుంచి పైదాకా చూసింది. పక్కన తోడెవరూ లేరు. ఒంటి మనిషికి కిటికీ దేనికట?

"వెళ్తే ఉత్తరానికే వెళ్ళండి" అంది ఆవిడ, మళ్ళీ ఆయనతోనే. "దక్షిణమయితే రోజూ దిగి తిరగడమే, ఎవరి దారి వారిది. అటయితే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూస్తూ ఉండిపోవచ్చు."

"భలే చెప్పారండీ!" అన్నాడాయన.

టీచరు ఇంట్లో రోజూ మొత్తుకుంటున్నది ఆ మాటే. అప్పుడు ఆవులించాడు మహానుభావుడు.

రేపు చెబుతామని చెప్పి బయటపడ్డారు. మెట్లు దిగుతూనే అందుకుంది టీచరు.

"ఎవరావిడ?"

"నాకేం తెలుసు?"

"తెలియకుండానే అన్ని ఇకఇకలూ పకపకలూనా?"

"అద్దాలు తీసిచ్చింది కదే! మొహం మాడ్చుకోమంటావా?"

"వద్దు, నవ్వండి. ఓడంతా ఆవిడ వెనకే తిరిగి నవ్వండి. నేను లోపల గోడలు చూస్తూ కూచుంటాను, మీరు ఆవిడ కిటికీలోంచి సముద్రం చూద్దురుగాని!"

"నాకింత గిరాకీ ఉందని ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాడాయన మురిసిపోతూ.



మర్నాడు వెళ్ళేసరికి పసుపు కోటు మళ్ళీ అక్కడే ఉంది. మేనేజరుతో గుసగుసలాడుతున్నదల్లా వీళ్ళని చూసి టక్కున ఆపేసింది.

"ఏమనుకున్నారమ్మా? ఉత్తరమేగా?" ఈసారి టీచరునే అడిగింది. ఆ గొంతులో ఆత్రం దాగలేదు.

ఈవిడకెందుకంత తొందర? టీచరు భర్త వైపు చూసింది. ఆయన అప్పుడే పళ్ళికిలించుకుని నమస్కారం పెడుతున్నాడు.

ఉత్తరం అన్న మాట నాలుక చివరదాకా వచ్చింది. టీచరు దాన్ని మింగేసింది.

"దక్షిణం."

మేనేజరు కంగారుపడ్డాడు. "నిన్న ఉత్తరమే కావాలన్నారు కదా మేడమ్? ఒక్కసారి ఆలోచించండి. అసలు సంగతేమిటంటే..."

పసుపు కోటావిడ వద్దన్నట్టు తల ఊపింది. మేనేజరు ఆగిపోయాడు.

"ఆలోచించే చెబుతున్నాను. మాకు దక్షిణమే ఖాయం చెయ్యండి."

"మీ ఇష్టమమ్మా. సుఖంగా వెళ్ళిరండి" అని పసుపు కోటావిడ లేచి వెళ్ళిపోయింది.

"చూశారా, మొహం ఎలా వాడిపోయిందో!" అంది టీచరు గెలిచినట్టు.

దక్షిణంలో ఎండ మాడ్చేసింది. ఆయన దిగిన రేవులోనల్లా కళ్ళద్దాల షాపులు వెతుక్కుంటూ పోయాడు. టీచరు వాచిన కాళ్ళతో ఏ మెట్ల మీదో కూలబడేది. ఈపాటికి ఆవిడ కిటికీ పక్కన హాయిగా కూర్చుని ఉంటుంది కదా అనుకునేది. తను చూడాల్సిన కొండలు, తను చూడాల్సిన సూర్యుడు!

తిరిగొచ్చాక, వచ్చే ఏడాదైనా ఉత్తరానికి వెళ్దామని టీచరు ఒక్కతే ఆఫీసుకి వచ్చింది. నోరు ఊరుకోలేదు.

"ఆ పసుపు కోటావిడ తనివితీరా చూసొచ్చిందా?"

"ఆవిడ వెళ్ళలేదు మేడమ్. ఆ క్యాబిన్ ఖాళీగానే వెళ్ళింది."

"అదేమిటి? అంత మోజుపడి తీసుకుని!"

"ఆవిడా వాళ్ళాయనా ముచ్చటపడి ఇద్దరికీ తీసుకున్నారు. మీరిక్కడికి రాకముందే ఆయన పోయారు. ఒక్కదాన్నీ ఆ కిటికీ పక్కన కూర్చోలేనంది."

టీచరు నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది.

"మరి ఆ రెండోరోజు ఎందుకొచ్చింది?"



"టిక్కెట్ల మీద పేర్లు మార్చుకోవడానికి ఆ రోజే ఆఖరు మేడమ్. 'ఆ టీచరమ్మ తన నోటితో ఉత్తరం అందంటే మా క్యాబిన్ వాళ్ళిద్దరి పేర రాసెయ్యి, ముందే చెబితే మొహమాటపడతారు' అని, మీరేమంటారోనని పొద్దుటినుంచీ ఎదురుచూస్తూ కూర్చుంది."