నాలుగు దెబ్బల మాట

బోర్డు మీద ఫ్రెంచి క్రియ ఒకటి రాసి, దాని మధ్య మూడు గీతలు గీశాను. సుద్దముక్కతో బల్ల మీద కొడుతూ పలికాను. "రు, కొ, మాఁ, సే. మూడోది ముక్కుతో పలకాలి. ముందున్న 'రు' అంటే మళ్ళీ. మిగతాదంతా కలిపితే మొదలుపెట్టడం."

పిల్లలూ బల్లలు వాయించారు. క్లాసు హోరెత్తిపోయింది.

నాకు ఉద్యోగం ఇవ్వాలో వద్దో తేల్చడానికి వెనక బెంచీలో కూర్చున్న ప్రిన్సిపాల్ మొహం చిట్లించారు. "మాటనలా నరుకుతారేంటమ్మా? మా పాత మాస్టారు గడగడా చెప్పేవారు."

"నా క్లాసులో ఇంతే సార్," అన్నాను, బల్ల మీద కొడుతూనే.

"నోరు తెరిస్తే చాలు, ఆ టకటక! ముందు అది ఆపండి."

"ఆపను సార్."

"పోనీ, పిల్లలకి మీ పేరైనా మామూలుగా చెప్పండి. లేదంటే దయచేయండి."

సరే, చూసుకోమని సుద్దముక్క కింద పెట్టాను. నోరు తెరిచాను. మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేసింది. ఎంత పెనుగులాడినా ముందుకు కదల్లేదు. నాది చిన్నప్పటి నుంచీ ఉన్న నత్తి.

ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. దానికి నాకేం అనిపించలేదు. ప్రిన్సిపాల్ మాత్రం, "అయ్యో పాపం," అన్నారు. దాంతో ఒళ్ళు మండింది.

సుద్దముక్క తీసుకుని తిన్నగా ఆయన దగ్గరికే నడిచాను. మళ్ళీ మొదలుపెట్టాను. ఆయన రెండు చేతుల మధ్య, ఆయన బల్ల మీదే, మూడు దెబ్బలు కొట్టి నా పేరు చెప్పాను.

కొడుతూనే అన్నాను, "ఇప్పుడు మీ పేరు. మీ వంతు సార్."