ఆదివారం తప్పులు

“‘కళ్ళజోడు’లో ళకింద వత్తేదమ్మా? కళ్ళద్దాల షాపులో పనిచేస్తూ ఆ మాటే తప్పు రాస్తే ఎలాగ?”

ఆదివారం పొద్దున్నే పెద్దాయన ఫోను. ఆమె నోట్లో బ్రష్షు పెట్టుకునే నవ్వింది.

“నాకు అన్నీ సగమే వస్తాయి మాస్టారూ. నాన్న భాషలో తిట్టడం వచ్చు, అమ్మ భాషలో ఏడవడం వచ్చు. మర్యాదగా మాట్లాడటం రెండిట్లోనూ రాదు.”

“ఆ ముక్క పోయినవారం రాశావు. చదివాను.”

వారపత్రికలో ఆమె తన మీద తానే జోకులేసుకుంటూ ఓ శీర్షిక రాస్తోంది. నాన్న వైపు పెళ్ళిళ్ళలో తను ‘ఆవిడ కూతురు’, తెలుగువాళ్ళ మధ్య ‘ఆయన కూతురు’ అనీ, గ్రూపు ఫొటోల్లో చివర నిలబడి ఎప్పుడూ సగమే పడతాననీ రాస్తే పాఠకులు పడీపడీ నవ్వారు. ఈయన మాత్రం నవ్వడు. సంపాదకుడి దగ్గర నంబరు తీసుకుని మరీ వారంవారం తప్పులు చెబుతాడు. పేరడిగితే, “రిటైరైన తెలుగు మాస్టార్ని, చాలదూ?” అంటాడు.

“అచ్చుకి పంపేముందు మీ అమ్మకి చూపించొచ్చుగా?” అన్నాడు ఆ రోజు.

ఆమె గబుక్కున “పనుంది మాస్టారూ” అని పెట్టేసింది.

ఆ వారం శీర్షికా వేళాకోళంగానే మొదలుపెట్టింది. వేరే భాషవాణ్ణి చేసుకుందని అమ్మ ముఖాన పుట్టింటివాళ్ళు తలుపేశారనీ, అయినా కాలింగ్ బెల్ మోగినప్పుడల్లా అమ్మ జుట్టు సవరించుకుని పరిగెత్తేదనీ, వచ్చింది ప్రతిసారీ కరెంటు మీటరు చూసే మనిషేననీ రాసింది. చివరికొచ్చేసరికి నవ్వించడం చేతకాలేదు. ‘అమ్మ నిరుడు పోయింది. వాళ్ళు రాలేదు’ అని రాసి పంపేసింది.

ఆదివారం ఫోను రాలేదు. మధ్యాహ్నం దాకా దాని చుట్టూనే తిరిగింది. చివాట్లకి కూడా మొహం వాచిపోయిన తన బతుక్కి నవ్వుకుంటూ తనే చేసింది.

చాలాసేపు మోగాక ఎత్తాడు.

“ఏం మాస్టారూ, ఈసారి తప్పుల్లేవా? ఒంట్లో బాగానే ఉందా?”



“ఒకటుందమ్మా” అన్నాడు.  “‘పుట్టింటివాళ్ళు తలుపేశారు’ అని రాశావు. బహువచనం తప్పు.”

“అంటే?”

“వేసింది నేనొక్కణ్ణే.”