తప్పంతా నేలదే

"మళ్లీ పడింది నీరజా! దణ్ణం పెట్టుకుని ఇలా బయటికొచ్చానో లేదో, సర్వర్ దానంతటదే రీస్టార్ట్!"

రంగనాథ్ గారు కాఫీ ఇంకా ముట్టుకోలేదు. అది ఆయన నియమం. పొద్దున్నే సర్వర్ రూమ్‌లోకి వెళ్లి, ర్యాక్‌ను తాకి కళ్లకద్దుకున్నాకే కాఫీ. "మనకు అన్నం పెట్టే గదమ్మా. దేవుడి గదిలో ఎలా మసులుకుంటామో అక్కడా అలాగే మసులుకోవాలి" అంటుంటారు.

"చలికాలం కదా రంగనాథ్ గారూ, గాలి పొడిగా ఉంటే ఒంట్లో స్టాటిక్ కరెంటు..."

"స్టాటిక్ రాకూడదనేగా అంత ఖరీదు పెట్టి ఫ్లోర్ మార్పించింది! సెలెక్ట్ చేసిందెవరు?"

నీరజే.

"ఇవాళ టెస్ట్ చేయడానికొస్తున్నారు. ఫ్లోర్ బాలేదన్నారంటే నీ ప్రొబేషన్ సంగతి నేనేం చేయలేను మరి."

ప్రొబేషన్ పోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే కెనడాలో స్థిరపడటానికి పెట్టిన పీఆర్ అప్లికేషన్ పోతుంది. ఇన్ని పోయేవి తలుచుకుంటూ నీరజ తలుపు హ్యాండిల్ పట్టుకుంది. చురుక్కుమంది. కాల్గరీలో జనవరి అంటే అంతే. కారు డోరు, ఫ్రిజ్, పక్కింటి పిల్లి, ఏది ముట్టుకున్నా షాకే.

మధ్యాహ్నం అచ్యుత్ అనే కుర్రాడు మీటర్ పట్టుకుని వచ్చాడు. ఆఫీసు అలవాటు ప్రకారం మంచు బూట్లు ఎంట్రన్స్‌లో విప్పి, తన స్పెషల్ షూ బ్యాగ్‌లోంచి తీశాడు. సర్వర్ రూమ్ గుమ్మం దగ్గర నీరజ కూడా, అడుగు అరిగిపోయిన తన జత తొడుక్కుంది. రంగనాథ్ గారు మాత్రం భార్య అల్లిన ఎర్ర ఉన్ని సాక్స్‌తో గాజు తలుపు బయటే నిలబడ్డారు, ఆపరేషన్ థియేటర్ బయట బంధువులా.

అచ్యుత్ గది నాలుగు మూలలా మీటర్ పెట్టి చూశాడు.

"ఫ్లోర్ సూపర్ అండీ. ఒంట్లో ఛార్జ్ అంతా షూలోంచి నేలలోకి చక్కగా దిగిపోతోంది."

నీరజకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆ నేలను ముద్దు పెట్టుకోవాలనిపించింది. బాగోదని ఆగింది.

"మరి సర్వర్ ఎందుకు పడుతోందయ్యా?" బయటికి రాగానే అడిగారు రంగనాథ్ గారు.

"ఫ్లోర్ ఒక్కటే చాలదండీ, ఈ షూ కూడా ఉండాలి. లేదంటే ఛార్జ్ ఒంట్లోనే ఉండిపోయి, ముందు దేన్ని ముట్టుకుంటే దానికి కొడుతుంది. లోపలికెళ్లే వాళ్లందరూ వేసుకుంటారా?"

"భలేవాడివే! రూల్ పెట్టిందే నేను. లోపలికెళ్లేది మేమిద్దరమే, ముందు కొన్నది కూడా నేనే. అదిగో నా జత, ఎప్పుడూ ఆ గుమ్మం పక్కనే ఉంటుంది."

అచ్యుత్ ఆ జత చేతిలోకి తీసుకున్నాడు. తిరగేసి చూశాడు. నీరజ వైపు తిప్పి చూపించాడు.

అడుగున షాపు స్టిక్కర్ నలగనైనా లేదు.