బుచ్చవ్వ హల్లెలూయ

“పాటంత మంచిగ పాడుతవు. గా ఒక్క మాట రాంగనే నోరెందుకు మూస్తవవ్వా?” అని అడిగాడు ఉపదేశి సామెలు.

బుచ్చవ్వ కొంగు సర్దుకుని నవ్వింది. “గా మాట నాకు రాదు, అయ్యగారూ.”

రాకపోవడమేమిటి? బెల్లంపల్లి బొగ్గుబావుల కాలనీలో, ఆ రేకుల గుడిలో అందరికన్నా గట్టి గొంతు ఆమెదే. ఒక్కసారి వింటే చాలు, పాట పట్టేస్తుంది. ‘హల్లెలూయ’ దగ్గర మాత్రం పెదవులు బిగిస్తుంది. కాలనీ జనమంతా ‘అల్లెల్లయ్య’ అని సాగదీసి పాడుతుంటే తను నేలచూపులు చూస్తుంది.

సామెలు ఆ ఊరికి వచ్చి రెండు నెలలే అయింది. ఈస్టరుకు పెద్ద అయ్యగారు వస్తున్నారు. బుచ్చవ్వకూ ఆమె పెనిమిటికీ ఆ రోజే బాప్తిస్మం. పెనిమిటి బావిలో ఇరవైమంది కూలీల మీద పెద్ద. కాలనీలో చిన్నా పెద్దా అంతా ఆయన్ను సర్దార్ అనే పిలుస్తారు. దేవుణ్ణి స్తుతించడానికి నోరు రాని మనిషికి బాప్తిస్మమెట్లా ఇస్తామని పెద్ద అయ్యగారు అడ్డం తిరిగితే? సామెలు దిగులు అదే.

అర్థం తెలియకేమోనని విడమరిచి చెప్పాడు. “అది హెబ్రీ మాటవ్వా, యూదుల భాష. ‘హల్లెలు’ అంటే మీరంత పొగడుండ్రి అని. ‘యా’ అంటే దేవుని పేరు, పొట్టిగ. ఏ దేశపోళ్లయినా తర్జుమా చెయ్యకుంట గట్లనే పాడుతరు.”

“నిండు పేరు లేదా?”

“ఉన్నది. గని యూదులు దాన్ని నోటితోని తియ్యకపోయేది. భయభక్తి.”

బుచ్చవ్వ ముఖం వెలిగింది. “మర్యాద తెలిసినోళ్లు. పేరెట్ల తీస్తరు మరి?”

“గందుకే నువ్వు పొట్టి పేరన్న అను.”

“మీరంత పొగడుండ్రి అనే గద అర్థం? మీరు పొగడుండ్రి, నేను వింట.”

సామెలు సర్దార్‌ను అడిగి చూశాడు. “దాని మనసుల ఏమున్నదో నాకేం ఎరుక,” అని ఆయన మీసాల చాటున నవ్వాడు.

ఈస్టరునాడు ఎండకు రేకులు కాలుతున్నాయి. పెద్ద అయ్యగారు సర్దార్ తలమీద నీళ్లు పోసి దావీదు అని పేరు పెట్టారు. తరువాత బుచ్చవ్వకు మార్త అని. పాట మొదలైంది. సామెలు బుచ్చవ్వ పెదవులకేసే చూస్తున్నాడు. ఆ మాట రానే వచ్చింది.

“హల్లెలూయ!”

బుచ్చవ్వ గొంతు రేకులదిరేలా లేచింది. అందరూ ఆపాక కూడా ఆమె మరో రెండుసార్లు పాడి, ఆయాసపడుతూ నవ్వింది.

“బాగ నేర్పినవు, సామెలూ,” పెద్ద అయ్యగారు భుజం తట్టారు.

హెబ్రీ పాఠం చివరికి తలకెక్కిందని సామెలు పొంగిపోయాడు. ఆ సంతోషంలోనే రిజిస్టరు తెరిచి, కొత్త పేరు దావీదు అని రాశాడు. పక్కన పాత పేరు గడి ఖాళీగా ఉంది.

“సర్దార్, ఇన్నొద్దులున్న పేరేంది?”

బుచ్చవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది.

“ఎల్లయ్య,” అన్నాడు సర్దార్.