గోధుమరంగు పాంటు

గోధుమరంగు పాంటు మళ్ళీ వచ్చింది. ఇది మూడోసారి.

"నడుము వదులైంది అబ్బాయ్. ఇంకో రెండంగుళాలు బిగించు," అన్నాడు పెద్దాయన.

టైలరు టేపు తీశాడు.

"కొలతలెందుకోయ్! చెప్పింది చెయ్యి," అంటూ పెద్దాయన వదులు చొక్కా కిందికి లాక్కున్నాడు.

"పాత గుడ్డ కదా బాబాయ్‌గారూ, సాగుతూనే ఉంటుంది. కొత్తది కుట్టించుకోండి."

"దీంతో అలవాటు పడిపోయాను. మంగళవారం కావాలి. ఆసుపత్రికి తెచ్చి ఇవ్వు."

టైలరుకి ఒళ్ళు మండింది.

తను మూత్రసంచిలో కణితి తీయించుకున్నప్పుడు ఆ ఆసుపత్రి వరండాలో పరిచయమయ్యాడీ మనిషి. అప్పట్నుంచి జిడ్డులా పట్టుకున్నాడు. మూడు నెలలకోసారి గొట్టం వేసి లోపల చూసే పరీక్ష టైలరుకి ఏ రోజు ఉంటే, ఈయనకి ఆ రోజే పాంటు కావాలి. అదీ అక్కడే!

"ఈసారి నేను పరీక్షకి వెళ్ళట్లేదు. రెండుసార్లు చూసి ఏమీ లేదన్నారు. రక్తం పడటం లేదు, మంట లేదు, గుండ్రాయిలా ఉన్నాను. ఆ గొట్టం తలుచుకుంటేనే పై ప్రాణాలు పైనే పోతున్నాయి."

"మానెయ్. నా పాంటు మాత్రం తీసుకురా."

గుండీలు కుడుతున్న టైలరు భార్య ఫక్కున నవ్వింది.

"పెద్దాయన అడిగారుగా, ఇచ్చేసి రండి."

మంగళవారం టైలరు పాంటు చంకన పెట్టుకుని, గొణుక్కుంటూ వెళ్ళాడు.

వరండాలో పెద్దాయన నీళ్ళ సీసా అందించాడు. రెండో చేతిలో టోకెను ఉంది.

"నీ పేరు మీదే తీశాను. ఎలాగూ వచ్చావు కదా."

"ఇది దగా బాబాయ్‌గారూ!"

"అవును. పద."

పిలుపు వచ్చేదాకా టైలరు చెయ్యి వదల్లేదు పెద్దాయన. ఆ చెయ్యి చల్లగా ఉంది. ఎందుకో టైలరుకి భయం సగం తగ్గింది.

లోపల సెనగగింజంత కొత్త కణితి కనబడింది.

"చిన్నగా ఉండగానే దొరికింది, తీసేద్దాం. ఇంకో ఆరు నెలలు ఆగి వస్తే ఇంత తేలిగ్గా పోయేది కాదు," అంది డాక్టరమ్మ.

కణితి తీసేశారు. మూడు నెలలు గడిచాయి. పరీక్ష రోజు దగ్గరపడినా గోధుమరంగు పాంటు రాలేదు. టైలరుకి ఏదో వెలితిగా అనిపించింది. అదే రంగు గుడ్డ కొని, మొదటిసారి బిగించకముందున్న కొలతకి కొత్త పాంటు కుట్టాడు. ఎవరూ లాగకుండానే పరీక్షకి వెళ్ళాడు.

వరండాలో నర్సమ్మ అతని చేతికో సంచీ ఇచ్చింది. అందులో పాత పాంటు. దానికి గుచ్చిన చీటీలో వణుకుతున్న అక్షరాలు:

'అబ్బాయ్, మళ్ళీ వదులైంది. తొందరేం లేదు. వచ్చే పరీక్షకి తీసుకురా.'

టైలరు నవ్వుకున్నాడు.

"ఏరీ, బాబాయ్‌గారు ఇంకా రాలేదా?"

నర్సమ్మ చూపు దించుకుంది.

"ఆయన పోయి నెలైందండీ. మీ జబ్బే. ఆపరేషనయ్యాక బాగానే ఉన్నానని రెండేళ్ళు పరీక్షలకి రాలేదు. వచ్చేసరికి చెయ్యి దాటిపోయింది. ఈ ఏడాదంతా ఆయనకి ఇక్కడ వైద్యమేం లేదు. మీరొచ్చే రోజు అడిగి తెలుసుకుని, వచ్చి కూర్చునేవారు."

టైలరు జేబులోంచి టేపు తీసి పాత పాంటు నడుము పట్టీ కొలిచాడు.

ఆ గుడ్డ ఒక్క అంగుళం కూడా సాగలేదు.