తొక్కలాయన

“ఆ బకెట్ ఇలా దించు.”

ముసలాయన దించాడు.

మిషను కుట్టే ఆవిడ బకెట్లో చెయ్యి పెట్టి కెలికింది. రేషను వరుసలో నిలబడ్డ సందు జనమంతా మెడలు సాచారు. ఊసుపోక చస్తున్న వాళ్లకు అదో వినోదం.

“ఆరిళ్ల దుంప తొక్కలు నా కోళ్ల కోసమని పట్టుకెళ్తావు. నాకు తెచ్చే దాణాలో ఒక్క తొక్కముక్క కనబడదు. ఎవరికి చేరవేస్తున్నావయ్యా?”

“నూక పెడితేనే గుడ్లు పెడతాయమ్మా. పిండిమరలో ఊడ్చుకొస్తున్నా కదా.”

“నేనడిగింది తొక్కల సంగతి!”

ఆయన బకెట్ మళ్లీ ఎత్తబోయాడు.

యుద్ధం వచ్చాక బంగాళాదుంప తొక్కలకు కూడా కాపలా కాసే రోజులొచ్చాయి. ఆవిడ సిపాయిల చొక్కాలు కుడుతూ, పెరట్లో మూడు కోళ్లను పెంచుతోంది. పాపకు ఊపిరితిత్తుల జబ్బు. రోజుకో గుడ్డు పడకపోతే పిల్ల దక్కదని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

ముసలాయన ఎక్కడినుంచి పారిపోయి వచ్చాడో ఎవరికీ తెలియదు. ఒకరోజు పాప దగ్గు విని గుమ్మం ముందు ఆగిపోయాడు.

“మా ఇంట్లోనూ ఇలాంటి పిల్ల ఒకతి ఉండేదమ్మా” అన్నాడు.

మర్నాటి నుంచి దాణా తనే తెచ్చిపెట్టాడు. అడపాదడపా పెట్టే కోళ్లు రోజూ పెట్టసాగాయి. అదంతా తన చేతి చలవే అనుకుంది ఆవిడ.

“దొంగ మొహమూ నువ్వూనూ! మళ్లీ నా గుమ్మంలో కనబడ్డావంటే ఊరుకోను” అని ఇప్పుడు వరుసలో అందరి ముందూ అరిచింది.

ఆయన బకెట్ అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత తొక్కలు ఆవిడే పోగుచేసి ఉడకబెట్టింది. కోళ్లు కెలికి వదిలేశాయి. వారం తిరిగేసరికి మూడూ గుడ్లు పెట్టడం మానేశాయి.

“ఇవాళా లేదా అమ్మా?” అంది పాప, దగ్గు ఆపుకుంటూ.

ఆవిడ పౌరుషం చంపుకుని మర దారి పట్టింది.

మర వెనక రేకుల గది తలుపు తీసే ఉంది. లోపల చాప, పొయ్యి మీద గిన్నె. గిన్నె అడుగున ఉడికి ఎండిన నాలుగు తొక్కలు. పక్కన కాగితంలో చిటికెడు ఉప్పు, ఒక చెంచా.

“ఈయనేడీ?”

“మొన్న పొద్దున పోయాడమ్మా” అన్నాడు మరాయన. “నా గుమ్మంలోనే కూలబడ్డాడు. ఎత్తితే పసిపిల్లాడంత బరువు లేడు.”

అయినా పాప గుర్తొచ్చి ఆవిడ అడిగింది.

“ఇక్కడ ఊడ్చిన నూక మా కోళ్లకు తెచ్చేవాడు...”

“ఈ రోజుల్లో మరలో ఊడ్చడానికేం మిగులుతుందమ్మా? చీమలే పస్తులుంటున్నాయి. తన రేషను గోధుమలే ముతకగా నూక ఆడించుకునేవాడు. ‘ఆవిడకు చెబితే పుచ్చుకోదు, చెప్పకు’ అనేవాడు. ఈ వారంవి కూడా ఆడించి, మిషను కుట్టే ఆవిడకు ఇమ్మన్నాడు. మీరేనా?”

సంచి చేతిలో పెట్టాడు.

వెనక గదిలో చెంచా గిన్నెకు తగిలిన చప్పుడైనట్టయి, ఆవిడ ఉలిక్కిపడి తిరిగి చూసింది. ఎవరూ లేరు.

ఆ చప్పుడు ఆవిడను బతికినన్నాళ్లూ వదల్లేదు.

నలుగురిలో తను దొంగ అన్న మనిషి, ఇన్నాళ్లూ తన బిడ్డకు గుడ్డు కోసం కోళ్లకు తన తిండి పెట్టి, వాటికని పోగుచేసిన తొక్కలు తాను తిని బతికాడు.