మిరియాల మర

"స్టీలుదే పెట్టరా పీరూ. మిరియానికి స్టీలే మొనగాడు" అన్నాడు మరియదాసు.

"పింగాణీది తుప్పు పట్టదంటగా?"

"తుప్పు సంగతి తర్వాత. స్టీలు పళ్ళు గింజని కోస్తాయి, పింగాణీ నలుపుతుంది. ఇంతకీ ఈ మర షాపుకిస్తావా, ఇవ్వవా?"

దాదాపీర్ మరని ఒళ్ళోకి లాక్కున్నాడు. కొండపల్లిలో ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు, ఇద్దరిదీ బొమ్మల పనే. టేకుతో మిరియాల మర నమూనా ఒకటి చేసివ్వమని బెజవాడ ఎగుమతి షాపాయన అడిగాడు. లోపల బిగించే తిరుగుడు సామాను రెండు రకాలు మరియదాసు చేత పంపాడు. గడువు దాటిపోయినా దాదాపీర్ ఇవ్వలేదు. వజీరా కోసం దాచుకున్నాడు.

వజీరా అతని భార్య. పెళ్ళిళ్ళకి బిర్యానీ వండే మనిషి. గరిటె నాలిక్కి తగలనివ్వకుండా, ఆవిరి వాసన చూసి ఉప్పు చాలిందో లేదో చెప్పేసేది. మొన్న వానాకాలంలో విషజ్వరం వచ్చింది. పోతూ పోతూ ముక్కుని పట్టుకుపోయింది మాయదారి జ్వరం. ఓ పెళ్ళిలో డేగిసా అడుగంటి మాడిపోతుంటే, పక్కనే కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది పాపం! ఆ తర్వాత పిలిచినవాళ్ళు లేరు. అన్నం మట్టి నమిలినట్టుందని తినడం మానేసింది. మనిషి సగమైపోయింది.

దాదాపీర్ ఎక్కని ఆస్పత్రి మెట్టు లేదు, మొక్కని దర్గా లేదు. ఊదు పొగ మొహాన కొడుతున్నా ఆమెకి ఉత్త గాలే. అప్పటికప్పుడు నలిగిన మిరియం ఘాటు చచ్చిన ముక్కుని కూడా లేపుతుందని షాపాయన మాటవరసకి అన్నాడు. అంతే, ఆ మాట పట్టుకుని కూర్చున్నాడు ఇతను. ఆశకి బుద్ధుంటుందా?

"దీంతో కూడా కాకపోతే?" అడిగాడు మరియదాసు.

"లేత్ మిషను అమ్మేసి మద్రాసు ఆస్పత్రికి తీసుకెళ్తా. బేరగాడు రేపొస్తున్నాడు."

"లేత్ అమ్మి ఏం తింటావురా? చేతులు నరుక్కోవడమేగా అది!"

"తినని మనిషిని ఎదురుగా పెట్టుకుని ఇప్పుడేం తింటున్నాను?"

మరియదాసు తల కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు. వజీరా ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది.

"లేత్ జోలికి పోకండి. మామయ్యగారు బిగించింది" అంది.

"ముందు కూర్చో. కళ్ళు మూసుకో. చూస్తుంటే మనసు మోసం చేస్తుంది."

స్టీలు సామాను బిగించి, మిరియాలు పోసి, ఆమె ముక్కు కింద తిప్పాడు. గింజలు బద్దలై ఒళ్ళో రాలాయి. అతనికి ఆగకుండా తుమ్ములొచ్చాయి.

"ఏమన్నా తెలిసిందా?"

"లేదండీ."

"కొంచెం కూడా?"

తల అడ్డంగా ఊపింది. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు కారాయి.

మిగిలిన మిరియాలు సీసాలో ఒంపేసి మూత బిగించాడు. ఆమె కొంగు దులిపాడు. మరని లోపలా బయటా గుడ్డతో తుడిచాడు. పింగాణీ సామాను ఎక్కించి, ఇరుసు దూర్చి, పైన గుండు బిగించాడు. యా అల్లా, ఇదొక్కటే మిగిలింది అనుకున్నాడు. సరిగ్గా కూర్చుందో లేదోనని ఓసారి తిప్పాడు. కరకరమంది.

వజీరా గట్టిగా గాలి పీల్చింది.

"ఏమండీ!"

"ఏంటి?"

"వచ్చింది! అబ్బ, ఏం ఘాటండీ! ముక్కు మండిపోతోంది!"

దాదాపీర్ చేతిలో మర వైపు చూశాడు.

"నిజంగానా?"

"నా మీద ఒట్టు. ఈ పింగాణీదే ఉంచేయండి. ఇక లేత్ అమ్మక్కర్లేదుగా?"

"అక్కర్లేదు."

"మద్రాసూ వద్దుగా?"

"వద్దులే."

కళ్ళు తెరిచి నవ్వింది. ఆమె నవ్వి ఎన్నాళ్ళైందో! అతని చెంపల మీద నీళ్ళు ధారగా కారిపోతున్నాయి.

"చూశారా, మీ కళ్ళక్కూడా తగిలింది ఘాటు!"

"తగిలిందే" అన్నాడు, మరని గుండెకి అదుముకుని.

మరలో అతనింకా మిరియాలు పోయలేదు.